పైపుల మేస్త్రీ సాక్ష్యం

ఆ కాలనీలో నేల పైన ఉన్నవాటి గురించి ఎవరినడిగినా చెబుతారు. నేల కింద ఏముందో చెప్పాలంటే మాత్రం పైపుల మేస్త్రీ ఒక్కడే దిక్కు. నూట పది ఇళ్లు, ఇరవై ఎనిమిదేళ్ల పని. ఏ ఇంటి గొట్టం ఏ గోడ కింద వంపు తిరిగి ఏ వీధిలోకి పోతుందో మున్సిపల్ ఆఫీసు మ్యాపులో తప్పు ఉండొచ్చుగానీ ఆయన బుర్రలో ఉండదు. ఆ మ్యాపులో తప్పులెక్కడున్నాయో కూడా ఆయనకే తెలుసు.

ఏ పైపు విప్పబోయినా ముందు రెంచీతో రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి వినేవాడు. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఒకింట్లో చూసింది ఇంకో ఇంట్లో చెప్పేవాడు కాదు. సింకు వంపులో దొరికిన ఉంగరం, బాత్రూం గొట్టంలో ముద్దైపోయిన మార్కుల కాగితం, ఎవరూ తాగని ఇంట్లోంచి వచ్చిన సీసా మూతలు, అన్నీ ఆయన కడుపులోనే ఉండిపోయాయి. కడుపు కూడా దానికి తగ్గట్టే ఉండేది.

ఇంతా చేసి ఆయన కాపురం ఆ కాలనీలో కాదు. రెండు బస్సులు మారి, గంటన్నర ప్రయాణం చేస్తేగానీ ఇల్లు రాదు. తెల్లారకముందే బయల్దేరడం, చీకటి పడ్డాక చేరడం. ఆదివారం సెలవేమో అనుకుంటే, జనం ఇంట్లో ఉండే రోజు అదే కనుక కుళాయిలన్నీ ఆ రోజే మొరాయిస్తాయి. కాలనీలో అద్దెకుందామంటే అన్నీ పెద్ద పెద్ద ఇళ్లు, పెద్ద పెద్ద అద్దెలు. మనలాంటి వాళ్లు ఇక్కడ పని చేయొచ్చు, పడుకోవడానికి మాత్రం వేరే చోటు చూసుకోవాలి అని ఆయన ఎప్పుడో సర్దుకుపోయాడు.

అలాంటి సమయంలో కాలనీ చివర మూతబడ్డ బిస్కెట్ల ఫ్యాక్టరీ జాగాలో ఏడంతస్తుల అపార్ట్‌మెంటు కడతారని కబురొచ్చింది. ఎనభై నాలుగు ఫ్లాట్లు. అందులో ఇరవై, చిన్నవి, ఆ చుట్టుపక్కల పని చేసేవాళ్లకే ఇస్తారట. మేస్త్రీ దరఖాస్తు పెట్టేశాడు. ఆ కాగితం మీద ఆయన భార్య కూడా సంతకం చేసింది. కాలనీలో ఎవరికీ చెప్పలేదు. చెప్పే ధైర్యం ఎక్కడిది?

ఎందుకంటే కాలనీ అంతా ఒంటికాలి మీద లేచింది. నీడ పడుతుందన్నారు, కార్లు పెట్టే చోటుండదన్నారు. ఏడో అంతస్తు వాళ్లు మా పెరట్లో ఆరేసిన బట్టలు లెక్కపెడతారని బ్యాంకులో పనిచేసే ఆవిడ ఇంటింటికీ తిరిగి చెప్పింది. కాలనీ సంఘానికి అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టారు. మీటింగుల్లో ఎవరు రెండు నిమిషాలు దాటి మాట్లాడినా బల్ల మీద గంట కొడతాడు కనుక ఆయన్ని వెనకాల అందరూ గంట మాస్టారనేవాళ్లు. ఆయన అన్ని అభ్యంతరాలూ విని ఒకటి ఏరాడు. ఇప్పటికే వానొస్తే మూల మీద మ్యాన్‌హోల్ పొంగి వీధంతా కంపు. ఇంకో ఎనభై నాలుగు సంసారాల నీళ్లు ఆ డ్రైనేజీ లైను ఎలా మోస్తుంది?

"మనం చెబితే ఏడుపంటారు. మేస్త్రీ చెబితే సాక్ష్యం," అన్నాడు మాస్టారు. మేస్త్రీని పిలిపించి, "ఆదివారం మున్సిపల్ ఇంజనీరమ్మ వస్తోంది. నువ్వొచ్చి ఈ లైను ఇంక మొయ్యదని ఒక్క ముక్క చెప్పు, చాలు," అన్నాడు.

మేస్త్రీ చూద్దామండీ అని వచ్చేశాడు. భార్యకు చెప్పుకున్నాడు.

"మరి లైను మోస్తుందా, మొయ్యదా?" అందామె.

"నిక్షేపంలా మోస్తుంది. పొంగేది దానివల్ల కాదే. పదకొండిళ్ల వాళ్లు డాబా మీద వాన నీళ్లని డ్రైనేజీలోకి కలిపించుకున్నారు. అలా కలపకూడదు."

"ఎవరు కలిపారు?"

"ఎవరేంటి, నేనే. ఒక్కొక్కళ్లూ విడివిడిగా పిలిచి, మా ఒక్క పైపుతో ఏమవుతుంది, ఎవరికీ చెప్పకు అన్నారు. ఒకళ్ల సంగతి ఒకళ్లకి తెలీదు. ఇప్పుడు నిజం చెబితే ఆ ఇళ్లవాళ్లు గుమ్మం తొక్కనివ్వరు. అబద్ధం చెబితే మనిల్లు పోతుంది."

"వాళ్ల సంగతి నీకెందుకయ్యా? నువ్వు చేసిన పని నువ్వు చెప్పుకో," అంది. ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో ఆమె మాట విని చెడిపోయిన పని ఆయనకు ఒక్కటీ గుర్తు రాలేదు.

ఆదివారం పొద్దున పార్కు పక్క రీడింగ్ రూం కిటకిటలాడింది. ఇంజనీరమ్మ మూల కూర్చుని అన్నీ రాసుకుంటోంది. బ్యాంకావిడ బట్టల సంగతి గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే మాస్టారు రెండుసార్లు గంట కొట్టాల్సొచ్చింది. తర్వాత మేస్త్రీని లేపారు.

"ముందుగా ఒక మాటండి. ఆ చిన్న ఫ్లాట్లలో ఒకదానికి నేనూ దరఖాస్తు పెట్టాను. అది తెలిసి నా మాట వినండి," అన్నాడు.

"అదీ సంగతి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. గదంతా గోలెత్తిపోయింది. మాస్టారు గంట వాయిస్తూనే ఉన్నాడు.

గోల తగ్గాక మేస్త్రీ, "లైను మోస్తుందండి. పొంగడానికి కారణం వాన నీళ్లు. పదకొండిళ్ల డాబా పైపులు అందులో కలిసున్నాయి," అన్నాడు.

"ఎవరివి?" అంది ఇంజనీరమ్మ.

"అది చెప్పనండి. కలిపింది నేను. తప్పు నాది. ఏం శిక్ష వేసినా నాకే వెయ్యండి."

ఒకాయన చెప్పు ఊడిపోయినట్టు వంగి, చాలాసేపటి వరకు లేవలేదు. బ్యాంకావిడ తేరుకుని, "బాగానే ఉంది! మేస్త్రీ కూడా మా పక్కనే కాపురం పెట్టేస్తే, రేపు కుళాయి చెడితే మాకెవరొస్తారు?" అంది.

"అప్పుడూ నేనేనమ్మా. ఇప్పుడు గంటన్నరకి వస్తున్నాను. అప్పుడు ఐదు నిమిషాల్లో వస్తాను."

ముందు ఇంజనీరమ్మ నవ్వింది, తర్వాత గదంతా నవ్వింది. ఆ పైపులు తీయించండి, ఒక వాన చూసి నిర్ణయం చెబుతాను అని ఆమె వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం మాస్టారు మేస్త్రీని ఇంటికి పిలిచాడు. వరండాలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. భార్య పోయి ఐదేళ్లయింది.

"ఆ పదకొండులో నాది లేదుగా?" అన్నాడు. అన్న తీరులో అనుమానం లేదు, ధీమా ఉంది.

ఒకింటి సంగతి ఇంకో ఇంట్లో చెప్పకూడదు. కానీ ఇది ఆ ఇల్లే. "ఉందండి," అన్నాడు మేస్త్రీ.

"నేను పెట్టించలేదే!"

"అమ్మగారు పెట్టించారండి, మీరు స్కూల్లో ఉన్నప్పుడు. డాబా మీంచి వాన నీళ్లు పెరట్లో పడి నిలిచి మీరు రెండుసార్లు జారి పడ్డారట కదండీ. మూడోసారి పడితే నడుం విరుగుతుందని భయపడ్డారు. మీకు చెబితే రూలు ఒప్పుకోదంటారని, చెప్పొద్దన్నారు."

మాస్టారు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. "ఆ తర్వాత నేను జారలేదు. జాగ్రత్తగా నడుస్తున్నాను కాబోలనుకున్నాను," అన్నాడు.

మరుసటి ఆదివారం మాస్టారు మీటింగు పెట్టి, తన మీద తనే గంట కొట్టుకుని లేచి నిలబడ్డాడు. "మొదటి దొంగ పైపు మా ఇంట్లో ఉంది. రేపే తీయిస్తున్నాను. ఇంకెవరివున్నాయో చేతులెత్తండి," అన్నాడు. బడిలో అలా అడిగితే దాక్కున్న పిల్లాడు ఎవడూ ఉండేవాడు కాదట. ఒక చెయ్యి లేచింది, రెండు లేచాయి. బ్యాంకావిడది తొమ్మిదో చెయ్యి. మాస్టారుతో కలిపి మొత్తం పద్నాలుగు తేలాయి. మిగతా మూడూ ఎవరిచేత పెట్టించారా అని మేస్త్రీ లోలోపల చాలా నొచ్చుకున్నాడు.

పది రోజుల్లో అన్నీ తీసేశాడు. పన్నెండో రోజు గట్టి వాన పడింది. గొడుగులేసుకుని కాలనీ సగం ఆ మూలకి చేరింది. మ్యాన్‌హోల్ మూత కదల్లేదు. ఇంజనీరమ్మ అక్కడే నిలబడి తడుస్తూ రాసుకుంది. నెల తిరిగేసరికి అనుమతి వచ్చింది, ఏడు కాదు, ఐదంతస్తులు. ఆ రెండంతస్తులూ తగ్గించింది తనేనని బ్యాంకావిడ ఇప్పటికీ చెప్పుకుంటుంది. చిన్న ఫ్లాట్లు ఇరవై అలాగే ఉన్నాయి. అవి దక్కినవాళ్ల జాబితాలో మేస్త్రీ పేరు పదహారోది. రీడింగ్ రూంలో దాన్ని పైకి చదివి వినిపించింది మాస్టారే.

మేస్త్రీ వీధిలోకొచ్చి భార్యకు ఫోన్ చేశాడు. సంగతి చెప్పాడు.

"ఏవే, ఉన్నావా?"

"ఉన్నాను," అంది. "అయితే మధ్యాహ్నం తినడానికి ఇంటికొస్తావా?"

"రాక! రెండు వీధులేగా."

"ఇప్పుడేమో పొద్దున్నే డబ్బా కట్టి పంపేస్తాను, రాత్రి సగం నిద్రలో తింటావు. ఇరవై తొమ్మిదేళ్లుగా వండుతున్నాను. నా వంట తింటుంటే నీ మొహం ఎలా ఉంటుందో నేనింకా సరిగ్గా చూడలేదయ్యా," అంది.