ఖాళీ వ్యాన్‌తో చేసిన పరీక్ష

దబీర్‌పురా స్టేషన్ పక్క సందులో నాకు ఒక రేకుల షెడ్డు ఉండేది. ఎక్కడా బాగుపడని బండి నా దగ్గర బాగుపడుతుందని చుట్టుపక్కల అనేవారు. ఆ మాటను అందరికంటే ఎక్కువ నమ్మినవాణ్ని నేనే.

ధూల్‌పేట్ నుంచి వినాయక విగ్రహాలు చేరవేసే ఒక పెద్దాయనకు పాత వ్యాన్ ఉండేది. యజమానీ ఆయనే, డ్రైవరూ ఆయనే. స్టీరింగ్ మహా బరువు. కుడి భుజం పట్టేయడంతో, మలుపు వస్తే సీట్లోంచి సగం లేచి చక్రానికి వేలాడేవాడు.

“పాత స్టీరింగ్ డబ్బా తీసేద్దామన్నా. తుక్కుల చిన్న కారుది ర్యాక్ దొరికింది. అది బిగిస్తే ఒక్క వేలుతోటి తిప్పుతవ్,” అన్నాను.

“ఒక్క వేలుతోటా? మరి తక్కిన తొమ్మిదింటిని ఏం జెయ్యాలె మిస్త్రీ?”

“బీడీ పట్టుకో.”

ర్యాక్ అంటే పళ్లున్న ఇనుప కడ్డీ. దాని మీద చిన్న పళ్లచక్రం తిరిగితే కడ్డీ పక్కకు జరిగి ముందు చక్రాలను తిప్పుతుంది. దాన్ని వ్యాన్ చట్రానికి బిగించాను. ఖాళీ బండిని సందు చివరిదాకా నడిపి చూశాను. వెన్నలా తిరిగింది.

పక్క షెడ్డులో లేతు పని చేసే ముసలాయన బీడీ ఆర్పి, “లోడ్ డాల్ కే దేఖే క్యా భాయ్?” అని అడిగాడు, బరువేసి చూశావా అని.

“తోలెటోడు చూసుకుంటడు తియ్. మీకేంది ఫికర్?” అన్నాను.

చవితికి ముందు, గడ్డి మెత్తల మధ్య నిలబెట్టిన పెద్ద విగ్రహంతో ఆ వ్యాన్ పెద్దాయన నయాపూల్ వంతెన దాటుతున్నాడు. ఎడమ చక్రం గుంతలో పడింది. బండి దానంతటదే పక్కకు లాగేసి పిట్టగోడకు కొట్టుకుంది. మనుషులకేమీ కాలేదు. విగ్రహం తొండం విరిగింది. జనం మూగి లొల్లి చేశారు. తాగి తోలాడన్నారు, ముసలోనికి బండి ఎందుకన్నారు. విరిగిన విగ్రహానికి పూజ ఉండదు. విరగ్గొట్టిన చేతికి ధూల్‌పేట్‌లో మళ్లీ విగ్రహం అప్పగించరు.

మర్నాడు వ్యాన్‌ను తాడు కట్టి షెడ్డుకు తెచ్చారు. ఆయన ఇంకా రాలేదు. స్టీరింగ్‌ను కదలకుండా కట్టేసి, వెనక ఇసుక బస్తాలు వేయించాను. చట్రం కిందికి దిగింది, ఇరుసు దిగలేదు. రెంటి మధ్య ఉన్న కడ్డీలు వాలు మారి, ఎవరూ తిప్పకుండానే చక్రాలు పక్కకు తిరిగాయి. బరువుతో గుంతలో పడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంకెవరూ అక్కర్లేదు. బస్తాలు దింపించేశాను.

సాయంత్రం ఆయన వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. రెండు అరచేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు.

“గట్టిగనే పట్టుకున్న అనుకున్న మిస్త్రీ. చేతులే మోసం జేసినట్టున్నయ్.”

అప్పుడు చెప్పాల్సింది. నేను, “వయసన్నా. అందరికీ వస్తది,” అన్నాను.

పాత స్టీరింగ్ డబ్బానే మళ్లీ బిగించాను. నీ అలవాటు చెడగొట్టడం ఎందుకని సాకు చెప్పాను. ఆయన నాకు దండం పెట్టి వెళ్లాడు. ఆ తర్వాత వ్యాన్‌ను బావమరిది నడిపాడు, కూరగాయల మూటలకు. ఈయన పక్క సీట్లో కూర్చునేవాడు.

నాలుగేళ్లకో ఐదేళ్లకో, ఉండబట్టలేక ఆయన ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని అంతా చెప్పాను: ర్యాక్, చట్రం, ఇసుక బస్తాలు, అన్నీ. ఆయన శ్రద్ధగా విన్నాడు. తర్వాత నవ్వి నా మోకాలి మీద తట్టాడు.

“నా పానం కుదుటపడాలని గిట్ల జెప్పవడ్తివి. మంచోనివి మిస్త్రీ. గని నా చేతుల సంగతి నాకు ఎర్కలేదా?”

“లేదన్నా, నిజం.”

“ఛాయ్ తాగు.”

మేకుతో నేల మీద బొమ్మ గీసి చూపిస్తే అర్థమయ్యేది. ముప్పై ఏళ్లు బండి తోలినవాడు. నేను గీయలేదు. ఆయన నమ్మలేదని బాధపడ్డానని రాయాలని ఉంది. కానీ ఆ ఛాయ్ తాగుతున్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. చెప్పేశాను కదా అనుకుంటూ దబీర్‌పురాకు నడిచి వచ్చాను.