తమ్ముడు పార్టీ మారిన ఎన్నిక

ముప్పై ఆరేళ్లుగా స్కార్ఫవిక్‌లో శ్రమజీవుల పార్టీ అంటే హాల్‌బెరాయే. ఐస్‌లాండ్ పడమటి కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చిన చోట, నీటి అంచున ఒకే ఒక్క వీధి ఆ ఊరు. జనం రెండు వందల నలభై. హాల్‌బెరా పగలు చేపల ఫ్యాక్టరీలో కాడ్ చేపల ముళ్లు తీసేది, సాయంత్రాలు పార్టీ పని చూసేది. ఎవరింట్లో ఎవరు అలిగారో, ఎవరికి మోకాళ్ల నొప్పులో, ఎవరిని కారెక్కించి పోలింగుకు తీసుకెళ్లాలో కాగితం చూడకుండా చెప్పేది.

తమ్ముడు కేటిల్‌ను పార్టీలోకి తెచ్చిందీ ఆమే. తల్లి పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్లు. అక్కే పెంచింది. పెద్దయ్యాక మంచి మాటకారి అయ్యాడు. రెండుసార్లు పార్లమెంటుకు గెలిచాడు. రెండోసారి హాల్‌బెరా గడప గడపా ఎక్కి ఒకే మాట చెప్పింది: "కేటిల్ అక్కడుండగా మన ఫ్యాక్టరీ మూతపడదు. పూచీ నాది."

మూడేళ్లు గడిచాయి. ఊళ్లో మిగిలిన ఒక్క పెద్ద పడవా ఆ వేసవిలో అమ్ముడుపోయింది. పడవతోపాటు, దానికి ప్రభుత్వం ఇచ్చిన చేపలు పట్టే హక్కు కూడా దేశం దక్షిణాన ఉన్న ఓ కంపెనీ చేతికి పోయింది. సెప్టెంబరుకల్లా ఫ్యాక్టరీకి తాళం పడింది. అక్టోబరులో ప్రభుత్వం కూలింది. నెలన్నరలో ఎన్నికలన్నారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం కేటిల్ వచ్చాడు. హాల్‌బెరా ఉడికించిన చేప, బంగాళాదుంపలు వడ్డించింది. వాడు ఫోర్కు పట్టుకోలేదు.

"అక్కా, నేను చెప్పేది పూర్తిగా విను."

"తింటూ చెప్పరాదూ? చల్లారిపోతోంది."

"కొత్త బాట పార్టీలో చేరుతున్నాను. వాళ్ల అభ్యర్థుల జాబితాలో మొదటి పేరు నాదే. రేపు ప్రకటిస్తారు."

వెన్న రాస్తున్న కత్తి ఆమె చేతిలో అలాగే ఆగిపోయింది. "ఎందుకురా?"

"మన పార్టీ పనైపోయిందక్కా. సర్వేల్లో మూడు శాతం కూడా లేదు. ఐదు శాతం ఓట్లు రాకపోతే సీట్లు గుండుసున్నా అనుకో. నన్నూ ఇంట్లో కూర్చోమంటావా?"

"మరి ఇంటింటికీ వెళ్లి నేనిచ్చిన మాట?"

"నువ్విచ్చావు. నేనిమ్మన్నానా?"

అన్నాక నాలిక కరుచుకున్నాడు. "అది కాదక్కా..." అంటూ చెయ్యి చాపాడు. హాల్‌బెరా వాడి ముందున్న ప్లేటు తీసేసి, ముట్టని తిండి చెత్తబుట్టలో వేసింది.

శ్రమజీవుల పార్టీ కేటిల్ స్థానంలో ఎవరో బడిపంతులమ్మను అభ్యర్థిగా పెట్టింది. ఆవిడ స్కార్ఫవిక్ ముఖమైనా చూడలేదు. అయినా హాల్‌బెరా కరపత్రాలు పట్టుకుని బయలుదేరింది. మొదట స్వాన్‌బోర్గ్ తలుపు తట్టింది. ఇద్దరూ ఇరవై ఏళ్లు ఫ్యాక్టరీలో పక్కపక్కనే నిలబడి పనిచేసినవాళ్లు.

"ఏమే, ఈసారి ఎవరి పూచీ మోసుకొచ్చావు? నీదా, మీ తమ్ముడిదా?"

"లోపలికి రానిస్తావా, ఇక్కడే తిడతావా?"

"రా. కాఫీ ఉంది. ఓటు మాత్రం లేదు."

వంటింటినిండా అట్టపెట్టెలు. స్వాన్‌బోర్గ్ గిన్నెలు పాతపేపర్లో చుడుతోంది. కొడుకు దగ్గరికి దక్షిణానికి వెళ్లిపోతోందట.

"నీ మాట నమ్మే మా అమ్మాయిని ఇక్కడ ఇల్లు కొనుక్కోమన్నానే. ఇప్పుడు ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు. నిన్ను అనడం లేదులే. నాకే బుద్ధి ఉండాల్సింది."

తిట్టి ఉంటే హాల్‌బెరా ఎలాగో తట్టుకునేది. కాఫీ ముట్టకుండానే లేచింది. ఆ రోజు ఇంకో తలుపు తట్టలేకపోయింది.

పోలింగు బడిలో. తెర చాటున కాగితం విప్పితే కొత్త బాట వరసలో కేటిల్ పేరు పైనే కనిపించింది. ఆమె పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కిందంటే ములుకు విరిగింది. ఇంకోటి అడిగితే అధికారి నవ్వాడు. "ఏం హాల్‌బెరా, నువ్వూ ఆలోచనలో పడ్డావా?" ఆమె కొత్త పెన్సిల్ తీసుకుని లోపలికి వెళ్లి, ఎప్పటిలాగే తన పార్టీకి గుర్తుగా ఉన్న అక్షరం పక్కన ఇంటూ పెట్టింది. మంచులో ఇంటికి నడుస్తుంటే, వాడు మాత్రం గెలవాలని మనసులో ఎక్కడో కోరుకుంటున్నట్టు తెలిసింది. తనమీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున రేడియో చెప్పింది. శ్రమజీవుల పార్టీకి రెండు పాయింట్ ఆరు శాతం. తొంభై ఏళ్ల పార్టీకి పార్లమెంటులో ఒక్క కుర్చీ మిగల్లేదు. కేటిల్ గెలిచాడు. క్రిస్మస్‌లోపే అతని కొత్త పార్టీ, పడవల యజమానుల పార్టీతో కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. అప్పటిదాకా ఎత్తుతూ వచ్చిన తమ్ముడి ఫోను హాల్‌బెరా ఆ రోజు నుంచి ఎత్తడం మానేసింది.

ఫిబ్రవరిలో కేటిల్ బడిలో సభ పెట్టాడు. పద్నాలుగు మంది వచ్చారు. పర్యాటకులు వస్తారన్నాడు, కొత్త ఉద్యోగాలన్నాడు. చివర్లో "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నాడు. వెనక వరసలో హాల్‌బెరా లేచి నిలబడింది. చేపలు పట్టే హక్కు అమ్ముడుపోతుంటే నువ్వేం చేశావని అడగాలని వారం రోజులుగా మాటలు కూర్చుకుంది. అందరూ తిరిగి చూశారు.

"చెప్పక్కా," అన్నాడు కేటిల్ మెల్లగా.

ఆమె పెదవులు కదిలాయి.

"ఏం లేదు," అని కూర్చుండిపోయింది.

వేసవిలో అవతలి ఊరి వృద్ధాశ్రమంలో వంటపని దొరికి వెళ్లిపోయింది. ఆ ప్రభుత్వమూ రెండేళ్లు నిలవలేదు. మళ్లీ ఎన్నికలొచ్చాయి. పోలింగు గది ఆశ్రమం ఎదుటి వీధిలోనే ఉంది. "ఓటేసి రా హాల్‌బెరా, నీ పని నేను చూస్తాలే," అంది తోటి వంటమనిషి.

"చేపలు ఇంకా శుభ్రం చేయాలి," అంది హాల్‌బెరా. కుళాయి తిప్పింది.