బడ్జెట్ చదివి చెప్పినవాణ్ణి

రెండో ప్రపంచయుద్ధ కాలంలో నేను మాచర్లలో పంతుల్ని. ఒక పొగాకు వ్యాపారి మిద్దె మీద అద్దెకుండేవాణ్ణి. ఎదురింట్లో బీడీలు చుట్టించే ముస్లిం పెద్దాయనను మామా అని పిలిచేవాణ్ణి. ఆయన ఉర్దూ తప్ప చదవలేడు. రైల్లో వచ్చే తెలుగు పత్రిక నేనే చదివి చెప్పేవాణ్ణి.

ఏటా ఫిబ్రవరి చివర్లో మా వ్యాపారి పొగాకు అమ్మడం ఆపేసేవాడు. ఎవరడిగినా "సరుకు లేదు" అనేవాడు. ఢిల్లీలో బడ్జెట్ చదివాక మళ్లీ సరుకు బయటికొచ్చేది.

ఆ ఏడు బీడీ పొగాకు మీద సుంకం పెంచారని పత్రికలో వచ్చింది.

"మునిగినట్టేనా పంతులూ?" అన్నాడు మామ.

"అప్పుడే కాదు మామా," అన్నాను. శాఖలన్నీ వచ్చే ఏటి ఖర్చులు రాసి పంపుతాయని, వైస్రాయి కౌన్సిల్లోని ఆర్థిక సభ్యుడు వాటిని కలిపి, చాలని డబ్బుకు పన్నులు ప్రతిపాదిస్తాడని, శాసనసభ చర్చించి ఒప్పుకున్నాకే చట్టమవుతుందని, కొత్త లెక్క ఏప్రిల్ ఒకటి నుంచని చెప్పాను. నేను చదివిన పుస్తకంలో అంతే ఉంది.

ఆ మాట నమ్మి, మార్చి నెలంతా పాత ధరకే బీడీలిస్తానని ఆయన గురజాల, రొంపిచెర్ల కొట్లవాళ్లకు మాటిచ్చాడు. తను కొన్న పొగాకు విడిపించుకోవడానికి, సుంకం కట్టేదాకా సరుకు ఉంచే గోదాముకు వెళితే కొత్త సుంకం అడిగారు.

"సభ ఇంకా ఒప్పుకోలేదు గదయ్యా?"

"అది తర్వాత. వసూలు మాత్రం బడ్జెట్ చదివిన అర్ధరాత్రి నుంచే," అన్నాడట గుమాస్తా.

మామ ఇచ్చిన మాట తప్పలేదు. బీడీలు చుట్టేవాళ్లలో ఇద్దరిని మాన్పించాడు. ఆ సాయంత్రం మా మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"మీ ఇంటాయనేమో సరుకు లేదన్నాడు. నువ్వేమో ఇంకా టైముందంటివి. ఇద్దరూ ఒక కప్పు కింద ఉండేటోళ్లే. ఎంతిచ్చాడేంది?"

నాకూ అనుమానం పుట్టింది. బడ్జెట్ సంగతి ముందే తెలుసా అని వ్యాపారిని అడిగాను. ఆయన నవ్వాడు.

"తెలిస్తే ఏటా ఎందుకాపుతానయ్యా? పెంచిన ఏడే ఆపేవాణ్ణిగా!"

ఆ మాట మామకు చెప్పాను. "ఆయన చెప్పాడు, నువ్వు మోసుకొచ్చావు," అన్నాడు.

అయినా రావడం మానలేదు. ఎప్పటిలాగే కూర్చుని వినేవాడు. తర్వాత పత్రిక తీసుకెళ్లి స్టేషన్‌లో టిక్కెట్లిచ్చే ఆయన చేత మళ్లీ చదివించుకునేవాడు. అది నాకు తెలుసు. యుద్ధం ముగియకముందే మామ పోయాడు. పోయే ముందు వారం కూడా వచ్చాడు. నేను చదివాను. విని, పత్రిక చంకలో పెట్టుకుని స్టేషన్ వైపు వెళ్లాడు.