డ్రమ్ములో తుమ్మ చెక్క

జగ్‌సీర్ సింగ్ గుడ్డ విప్పి డ్రమ్ములోకి తొంగి చూశాడు. తెల్లటి బూజు మీగడలా పేరుకోవాల్సిన చోట బుడగలు. పులిసిన వాసన గుప్పున కొట్టింది.

వరి కోసి పదకొండు రోజులైంది. ఐదెకరాల్లోనూ దుబ్బులు మోకాలెత్తున అలాగే నిలబడి ఉన్నాయి. గోధుమ విత్తే అదను ఇంకో రెండు వారాలే. గడ్డి తగలబెట్టనని పోయినేడు గురుద్వారాలో అందరి ముందూ మాటిచ్చి, ఆ గడ్డిలోనే విత్తాడు. విత్తనం మట్టిని తాకలేదు. చేను అక్కడొక పోచ, ఇక్కడొక పోచగా మొలిచింది. ఊరు నవ్వింది. అందుకే ఈసారి వ్యవసాయ కేంద్రం నుంచి సూక్ష్మజీవుల గుళికలు తెచ్చాడు. బెల్లం నీళ్లు కాచి చల్లార్చి, శనగపిండి కలిపి, గుళికలు విప్పి పోసి, పశువుల పాకలో పెట్టాడు. ఆ బూజే గడ్డిని కుళ్లబెట్టి మొలకకు దారివ్వాలి.

"చరణో! దీన్నెవరు ముట్టుకున్నారు?"

భార్య పేడ చేతులతోనే వచ్చింది. "తాయాజీ మొన్న దీని చుట్టూ తిరుగుతుంటే చూశాను."

తాయాజీ అంటే జగ్‌సీర్ పెదనాన్న నాజర్ సింగ్. జగ్‌సీర్ వెళ్లి నిలదీస్తే ఆయన మంచం మీంచి లేవనైనా లేవలేదు.

"ముట్టుకోకపోతే ఎలాగరా? చారెడు బెల్లంతో సరిపెట్టావు. నేను ఐదు కిలోలు కలిపాను. తుమ్మ చెక్కా నేనే వేశాను. అది వెయ్యాలని కూడా తెలీదు, సారా కాస్తాడట!"

"సారా ఎవడు కాస్తున్నాడు తాయాజీ? అది పొలానికి!"

"పొలానికి తాగిస్తావా?"

గోడ మీంచి పక్కింటి మేజర్ సింగ్ తలపాగా పైకి లేచింది. "ఎప్పుడు దించుతున్నావు జగ్‌సీర్? గ్లాసు కడిగి పెట్టుకున్నాను."

"నీ గ్లాసు తగలెయ్య!"

"గ్లాసెందుకూ, గడ్డి తగలెయ్యి. అరగంట పని."

జగ్‌సీర్ కేంద్రానికి ఫోన్ చేశాడు. గుళికలు అయిపోయాయట, మళ్లీ ఎప్పుడొస్తాయో తెలీదట. ఫోన్ పెట్టేసి డ్రమ్మును ఒక్క తన్ను తన్నాడు. డ్రమ్ము కదల్లేదు, బొటనవేలు మాత్రం వాచింది.

చరణో వంటింటి వెనక నుంచి ఓ మట్టి ముంత తెచ్చి ముందు పెట్టింది. "ఆవకూర మడిలో చెత్త కుళ్లడానికని మొదటిరోజే రెండు గరిటెలు తీసుకున్నాను. ఇందులో చూడండి." నీళ్ల మీద తెల్లగా, దట్టంగా బూజు.

"నాకు చెప్పకుండా తీశావా?"

"చెప్తే ఇచ్చేవారా?"

ఈ కాస్త బూజుతో మళ్లీ తోడు పెడితే తయారవడానికి వారం. గడ్డి మెత్తబడే సరికి అదను దాటిపోతుంది. అదీ మహా అయితే రెండెకరాలకు. మిగతా మూడెకరాల్లో మళ్లీ పోయినేటి చేనే. తిట్టుకుంటూనే పొయ్యి మీద బెల్లం నీళ్లు పెట్టాడు.

సాయంత్రానికి కొత్త డ్రమ్ముకు గుడ్డ కట్టి, పక్కనే పెదనాన్న మంచం వేశాడు. "మీరే కాపలా. ఎవర్నీ రానివ్వకండి." ఆ తర్వాత వంగి ఆయన జేబులు తడిమాడు.

"నన్నే సోదా చేస్తావురా?"

"చేస్తాను."

జేబులోంచి వేలెడు తుమ్మ పుల్ల బయటికొచ్చింది.

"పళ్లు తోముకోడానికిరా అది!"

"రేపట్నుంచి వేపపుల్లతో తోముకోండి," అని జగ్‌సీర్ దాన్ని గోడ అవతలికి విసిరేశాడు.