కొంటానని చెప్పి లేపించిన రెండొందల గులాబీలు

రొయ్యలకు తెగులు తగిలి మా చెరువులు రెండూ ఎండిపోయిన ఏడాది నేను చేసిన పనల్లా, ఆదివారం పేపర్లో వచ్చే విజేతల కథలు కత్తిరించి ఫైల్లో పెట్టుకోవడం. చిన్న వ్యాపారంతో పైకొచ్చినవాళ్ళ మాటలన్నీ కంఠతా వచ్చేశాయి, వ్యాపారం మాత్రం రాలేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. ఒకరోజు మా ఆవిడ, "ఆ కాగితాలు ఎన్నాళ్ళు కత్తిరిస్తారండీ? నర్సరీ పెడదామంటున్నారుగా, కడియం వైపు వెళ్ళి పెంచేవాళ్ళనే అడగొచ్చుగా?" అంది. అడగడమే నాకు చేతకాని పని. మా ఇళ్ళల్లో ఒకరికి పని చెప్పడం వచ్చు, ఒకరి దగ్గర పని నేర్చుకోవడమంటే నామోషీ. అయినా ఫిబ్రవరిలో ఒక పొద్దున్న బయలుదేరాను.

ఐదున్నరకు భీమవరంలో తణుకు బస్సెక్కి, అక్కడ రాజమండ్రి బస్సు మారాను. సిద్ధాంతం దగ్గర ఒక వంతెన, జొన్నాడ దగ్గర ఇంకో వంతెన, గోదావరి రెండు పాయలూ దాటాక వస్తుంది కడియపులంక. రెండు టిక్కెట్లూ కలిపి ముప్పై రూపాయలు కాలేదు. తొమ్మిదింటికల్లా దిగాను. రోడ్డు పక్కనే బోలెడు నర్సరీలున్నా, కాలవ గట్టు వెంట లోపలికెళితే స్వయంగా పెంచేవాళ్ళు దొరుకుతారని విని పది రూపాయలకు రిక్షా మాట్లాడుకున్నాను.

"మొక్కలకేనాండి?" అన్నాడు రిక్షా అతను.

"ఆ. మా ఊరి హైస్కూలుకి రెండొందల గులాబీలు కావాలి," అన్నాను. నేర్చుకోడానికి వచ్చానని చెప్పడానికి నోరు పెగల్లేదు. గొప్ప మాత్రం దానంతటదే వచ్చేసింది.

"అయితే సత్యవతిగారి తోటకి పోదాం బాబుగారూ. ఆవిడ మాటంటే మాటేనండి."

తోట దగ్గర నేను నోరు తెరవకముందే అతనే ఆర్డరు చెప్పేశాడు. యాభై ఏళ్ళుంటాయి సత్యవతిగారికి. చేతులకున్న మట్టి కడుక్కుని వచ్చి, కుర్చీ వేయించి, మంచినీళ్ళిచ్చారు. సరే, ఎలాగూ అబద్ధంలో దిగాను కదా అని, స్కూలు వాళ్ళకు చెప్పాలంటూ నోటుబుక్కు తీశాను. ఏ మట్టి, ఎంత ఎరువు, అంటు ఎప్పుడు కడతారు, అన్నీ అడిగాను. ఆవిడ దాచుకోకుండా చెప్పారు. సైకిలు మీద మొక్కలు అమ్ముకున్న రోజుల నుంచి మొదలుపెట్టారు. "మొదటి రెండేళ్ళూ ఒక్క రకమే పెంచానండి. అది చావకుండా పెంచడం వచ్చాకే రెండోది పట్టుకున్నాను. మా మొక్క చచ్చిందని వస్తే ఇంకోటి ఇచ్చేస్తాను. నీళ్ళు పోశారా లేదా అని అడగను. అడిగితే ఆ మనిషి మళ్ళీ రాడండి." నా ఫైలు మొత్తం ఈ నాలుగు మాటలకు సరిపోదనిపించింది.

పన్నెండు దాటగానే భోజనానికి లేవమన్నారు. వద్దంటే వినలేదు. వాళ్ళ అత్తగారు, ఎనభై ఏళ్ళ మామ్మగారు, తన చేత్తో కొట్టిన పనసపొట్టు ఆవ పెట్టి వండారు. మారు వడ్డించుకుని మరీ తిన్నాను. "కూర ఎలా ఉంది నాయనా?" అంటే, ఇంత రుచి ఎక్కడా తినలేదన్నాను.

చెయ్యి కడుక్కుని బయటికొచ్చి చూశాను. గులాబీ మళ్ళలో సగం ఖాళీ. మొక్కల్ని మట్టిగడ్డతో సహా లేపి, చెట్టు నీడన వరసగా పడుకోబెట్టారు. నలుగురు ఆడవాళ్ళు తడిగడ్డి చుట్టి అరటినారతో కడుతున్నారు. అడ్వాన్సు లేదు, కాగితం లేదు. ఇక్కడ ఇంతమంది ఎదుట మాట అనుకున్నాక అదే ఆర్డరు.

"వ్యాను మాట్లాడుకొస్తాను," అని సంచీ తగిలించుకుని గబగబా నడిచి, రోడ్డు మీదకొచ్చి, వచ్చిన బస్సెక్కేశాను. దొంగలా పారిపోయానని చెప్పడానికి ఇప్పుడు కూడా సిగ్గుగానే ఉంది. కండక్టరు వచ్చేలోపు నోటుబుక్కు తెరిచాను. నేను రాసుకున్న చివరి వాక్యం, 'లేపిన మొక్క సాయంత్రంలోపు మట్టిలో పడాలి.' తర్వాతి ఊరు వేమగిరిలో దిగిపోయి, మిట్టమధ్యాహ్నపు ఎండలో వెనక్కి నడిచాను.

సత్యవతిగారికి నిజం చెప్పేశాను.

"కొనేవాళ్ళు రంగులడుగుతారు బాబూ. మీరు మట్టి అడిగారు," అన్నారావిడ. "అనుమానం వచ్చిందండి. కానీ మాటిచ్చినవాణ్ణి అనుమానిస్తూ కూర్చుంటే ఈ వ్యాపారం సాగదు."

ఆవిడ తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఇంతలో మామ్మగారు అరుగు మీదకొచ్చి, సంగతి విని, నా మొహంలోకి చూశారు. "కూర బాగుందన్నావు కదా నాయనా, అదీ అబద్ధమేనా?"

కాదండీ అన్నాను. నమ్మలేదు. నమ్మడానికి నేనేం మిగిల్చాను గనక.

కట్టిన గడ్డి విప్పి, చీకటి పడేదాకా ఆ ఆడవాళ్ళతో పాటు నేనూ మొక్కలు తిరిగి నాటాను. కొన్ని బతకవని అందరికీ తెలుసు. డబ్బిస్తానంటే సత్యవతిగారు పుచ్చుకోలేదు. పైగా, "ఈసారి నేర్చుకోడానికొచ్చానని చెప్పి రండి. వారం రోజులుండి నేర్చుకుందురుగాని," అన్నారు.

నేను మళ్ళీ వెళ్ళలేదు. ఆ నోటుబుక్కుతోనే నర్సరీ పెట్టాను, ఒక్క రకంతోనే మొదలుపెట్టాను, బాగానే సాగుతోంది. కుర్రాళ్ళు వచ్చి ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, పుస్తకాలు చదివి అంటున్నాను ఇన్నేళ్ళుగా. ఇదంతా రాయడం ఆ మాట ఇకనైనా మానడానికే. మీరెవరైనా ఆ తోటలకు నేర్చుకోడానికి వెళితే పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నానికల్లా ఎండ ముదురుతుంది. ఎందుకొచ్చారో మాత్రం గేటు దగ్గరే, మంచినీళ్ళు తాగకముందే చెప్పెయ్యండి. అన్నం తిన్నాక చెప్పడం చాలా కష్టం.