ఆలూరు గులాబీల సార్

2003 నాటికి రత్నాకర్ పూల వ్యాపారంలోకి వచ్చి పదకొండేళ్లయింది. మొయినాబాద్ దిక్కునున్న ఆలూరు, ప్రొద్దుటూరు చేలల్లో కోసిన గులాబీలను తడి గోనెపట్టాల్లో చుట్టి, వ్యాన్‌లో హైటెక్ సిటీ ఆఫీసులకు చేర్చేవాడు. అద్దాల మేడల్లో రిసెప్షన్ బల్ల మీద పూలు సర్దుతుంటే, మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు పక్కనుంచి చప్పుడు లేకుండా తేలిపోతున్నట్టు నడిచేవారు. వ్యాపారం కోసం మధ్యలో వదిలేసిన చదువు అక్కడే గుర్తొచ్చేది. దూరవిద్యలో డిగ్రీ, ఆపైన ఎంబీఏ పూర్తి చేశాడు. అతని పుస్తకాల్లో ఏ పేజీ తీసినా ఎండిన రేకులు రాలిపడేవి.

ఆ ఏడాది మొయినాబాద్ దగ్గర కొత్తగా పెట్టిన ఒక కాలేజీలో ఎంబీఏ చెప్పేవాళ్లు చాలినంతమంది దొరకలేదు. పూలు ఇవ్వడానికి వెళ్లిన రత్నాకర్‌ను ప్రిన్సిపాల్, వారానికి రెండు క్లాసులు చెప్పమని అడిగాడు. ఇంటికొచ్చి తల్లి పెంటమ్మకు చెప్పాడు.

"మంచి అంగీ ఏసుకొని పో బిడ్డా," అంది.

మొదటి క్లాసులో పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివాడు. తన గొంతు తనకే ఎక్కడో దూరం నుంచి వినిపించింది. పిల్లలు కిటికీలోంచి మబ్బులు చూస్తున్నారు. చివరికి మమత అనే అమ్మాయి లేచింది.

"సార్, మీరు పూలు అమ్ముతరంట కదా. రేపు ఎన్ని తీస్కపోవాల్నో మీకెట్ల తెలుస్తది?"

రత్నాకర్ పుస్తకం మూశాడు. "ఎక్కువ తీస్కపోతే వాడిపోతయి. తక్కువైతే మళ్ల పిలువరు. సోమారం జర ఎక్కువ ఏస్త. ఎందుకంటే చెప్పలేనమ్మా, చెయ్యికే తెలుస్తది."

వెనక బెంచీలో కూర్చుని వింటున్న వనిత ఆ కాలేజీలోనే లెక్చరర్. మేనేజ్‌మెంట్‌లో డాక్టరేట్ చేసి, ఇదివరకు వేరే కాలేజీల్లో చెప్పింది కానీ జీవితంలో ఏ వస్తువూ అమ్మి ఎరగదు. క్లాసయ్యాక బోర్డు దగ్గరికొచ్చింది.

"మీ చెయ్యికి తెలిసిన దానికి లెక్క ఉన్నది సార్. చూస్తరా?"

పూలు మిగిలితే ఎంత నష్టం, చాలకపోతే ఎంత నష్టం, ఆ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలి. అతను గుర్తున్న అంకెలు చెబుతుంటే ఆమె రాస్తూ పోయింది. వచ్చిన జవాబుకీ, అతను సోమవారం వ్యాన్‌లో వేసే పూలకీ పది పువ్వుల తేడా కూడా లేదు. రత్నాకర్ ఆ జవాబును మళ్లీ చదివాడు. ఇన్నేళ్లూ తనొక్కడికే తెలుసనుకున్నదాన్ని ఎవరో ఎప్పుడో కాగితం మీద పెట్టేశారు. కలిగింది సంతోషమో దిగులో అతనికి తేలలేదు.

అప్పట్నుంచి ఆ పాఠం ఇద్దరూ కలిసి చెప్పారు. జనవరిలో ఒకరోజు వనిత పిల్లలతో మర్నాటి పూల లెక్క కట్టించింది. ఆరువందల నలభై వచ్చింది.

"రేపు ఒక్క పువ్వు రాదు," అన్నాడు రత్నాకర్. "మాకు పూలిచ్చే సాయమ్మ పక్కింటి పెద్దాయన పోయిండు. ఆయనను మట్టి చేసేదాక మా దిక్కు పూలు అమ్మకానికి కొయ్యరు. అన్ని ఆయనకే పోతయి."

"మరి ఆఫీసులకు సార్?" అంది మమత.

"పోయినసారి చెప్పక ఒక ఆఫీసు పోగొట్టుకున్న. గందుకే ఈసారి పొద్దుగాల్నే ఫోన్ చేసిన."

వనిత సుద్దముక్క మళ్లీ చేతిలోకి తీసుకుంది. "పూలే రాకుంటే ఎట్లని నేను పిల్లలను ఎన్నడూ అడగలే. ఇన్నేండ్ల సంది చెప్తున్న, తట్టనేలేదు," అని, లెక్క కింద ఇంకో వరుస మొదలుపెట్టింది.

తర్వాతి వారం క్లాసు సాయమ్మ చేలోనే జరిగింది. మంచులో గులాబీ సాళ్లు సగమే కనిపిస్తున్నాయి. మనుషులకంటే ముందు వాళ్ల మాటలు వచ్చి చేరుతున్నాయి. సాయమ్మ కోత ఆపి మమత నోటుబుక్కులోకి తొంగి చూసింది.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"రేపు నువ్వు ఎన్ని పూలు కోస్తవోనని, అవ్వా."

"నాకే ఎర్కలేదు. రాసినంక నాకు గూడ చెప్పు."

రెండేళ్లకు కాలేజీ, డాక్టరేట్ ఉంటేనే ఉద్యోగం ఖాయం చేస్తామంది. రత్నాకర్ వ్యాన్ అమ్మలేదు, పాఠాలు మానలేదు. వాడిపోయే సరుకు మీద, దాన్ని పండించే ఊళ్ల మీద పరిశోధనకు పేరు రాయించుకున్నాడు. తొమ్మిదింటికి ఆఫీసుల్లో పూలు దించి, పదింటికి క్లాసులో ఉండేవాడు. కొన్ని రోజులు పాఠం మధ్యలో ఆగి, ఇంతసేపూ మాట్లాడింది తానేనా అన్నట్టు పిల్లల ముఖాలు చూసేవాడు. వాళ్లు రాసుకుంటూ ఉండేవారు.