సలీగ్‌కు తాలింపు

నా చిన్నప్పుడు జెద్దాలో హోటళ్ళకు రెండు తలుపులుండేవి. ఒకటి ఒంటరి మగవాళ్ళకు, రెండోది కుటుంబాలకు. ఒంటరివాడు పొరపాటున రెండో తలుపు తోశాడంటే లోపలి మనిషి చెయ్యి అడ్డం పెట్టి వెనక్కి పంపేసేవాడు. మా చిన్నాయనకు పెళ్ళయింది గానీ పెళ్ళాం బిడ్డలు ఊళ్ళో ఉండిపోయారు. ఆ లెక్కన ఆయన అక్కడ ఒంటరివాడే. ఆ రెండో తలుపు దాటడానికి ఆయనకు దొరికిన టిక్కెట్టు నేను. అప్పుడు నాకు పదేళ్ళు.

మాది కడప జిల్లా. ముస్లింలమే అయినా ఇంట్లో మాట తెలుగే. నాయన జెద్దాలో ఒక కంపెనీలో డ్రైవరు. అమ్మా నేనూ ఆయన దగ్గరే ఉండేవాళ్ళం. ఆయన తమ్ముడైన మా చిన్నాయన రాబిగ్ అనే ఊళ్ళో ఒక కాంట్రాక్టరు క్యాంపులో వంట చేసేవాడు. నితాఖాత్ అనే కొత్త చట్టం వచ్చి కంపెనీలకు రంగులు పెట్టినప్పుడు ఆ కంపెనీకి ఎరుపు పడింది. సౌదీవాళ్ళను చాలినంతమందిని పనిలో పెట్టుకోలేదని దానర్థం. అక్కడి పరదేశీ కూలీలకు ఇక ఇఖామా, అంటే దేశంలో ఉండే పర్మిట్టు, రెన్యువల్ కాదు. గడువు లోపల ఇంకో యజమాని, అంటే ఇంకో కఫీల్ చేతికిందికి మారాలి, లేదంటే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకొని ఇంటిదారి పట్టాలి. చిన్నాయన ఒక పెట్టె, ఒక పోపుల డబ్బా పట్టుకొని మా ముందుగదిలో వచ్చి దిగాడు. ఊళ్ళో ఆయన ఇల్లు గోడల దాకా లేచి పైకప్పు లేకుండా ఆగిపోయి ఉంది.

నాయన ఆ ఊరూ ఈ ఊరూ తిరిగి, ఒక చోటు పట్టుకొచ్చాడు. పెళ్ళిళ్ళకు వండి పంపే పెద్ద వంటశాల అది. యజమాని జెద్దావాడే, కంపెనీకి పచ్చ రంగుంది. మనిషిని తీసుకుంటాడట గానీ ఒక మెలిక పెట్టాడు. వాళ్ళమ్మ తిని సరేననాలి. ఆ పెద్దావిడ తాత ఎప్పుడో జావా నుంచి హజ్‌కు వచ్చి, తిరిగి ఓడ ఎక్కకుండా ఇక్కడే ఉండిపోయాడట. నెల తర్వాత వచ్చే శుక్రవారం ఆమె ఇంట్లో సలీగ్ వండి పెట్టాలని కబురు వచ్చింది. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ విని ఎరుగరు.

చిన్నాయనకు క్యాంపు వంటే వచ్చు. పప్పు, కోడికూర, పెద్ద పెద్ద డేగిసాల్లో అన్నం. అందుకని ఆ నెలంతా శుక్రవారం సాయంత్రాలు నన్ను వెంటబెట్టుకొని ఊరు తినడానికి బయల్దేరాడు. కుటుంబాల వైపే ఇంటి వంటకాలు బాగుంటాయని ఆయన నమ్మకం. షరఫియా పేటలో ఒక ఇండోనేషియా హోటల్లో మాంసం ఉండలు వేసిన చారు తాగాం. ఫిలిప్పీన్స్ వాళ్ళ సన్నటి సేమ్యా తిన్నాం. బుఖారీ అన్నం, యెమెన్ వాళ్ళ మందీ, అరటిపండు పిసికి రొట్టెతో కలిపే మాసూబ్, అన్నీ అయ్యాయి. ఒక్క ఊళ్ళో ఇన్ని దేశాలు వండుకుంటున్నాయని నాకు అప్పటిదాకా తెలియదు. మా బడికీ మా ఇంటికీ మధ్య కూరగాయల కొట్టు తప్ప నేనేం చూశాను గనక?

తమాషా ఏంటంటే, ఆయన అసలు తినడానికి పోలేదు. కుటుంబాల వైపు ఒక్కొక్క బల్లకూ తెర కట్టి ఉంటుంది. తిన్నవాళ్ళు లేచిపోయాక ఎంగిలి పళ్ళేలు బండి మీద పెట్టుకొని పనివాళ్ళు మా ముందునుంచే తోసుకుపోయేవాళ్ళు. చిన్నాయన మా తెర కొంచెం జరిపి ఆ బండినే చూస్తూ కూర్చునేవాడు. ఎవరు ఏది వదిలారు, ఏది తుడిచి తిన్నారు, ఏది పక్కకు నెట్టారు, అదే ఆయనకు కావాలి. క్యాంపులోనూ అంతేనట, వడ్డించే చోట కాక పళ్ళేలు కడిగే చోట నిలబడేవాడట.

“నోరు మర్యాదకు అబద్ధం చెప్తాది మే. పళ్ళెం చెప్పదు,” అన్నాడు నాతో.

నేను మాత్రం అమ్మ కొట్టిచ్చిన గొడ్డుకారం చిన్న డబ్బాలో పోసుకొని గౌను జేబులో పెట్టుకొని వెళ్ళేదాన్ని. ఏది ముందుకొస్తే దాని మీద చల్లేయడమే. చారులో, సేమ్యాలో, ఆఖరికి మాసూబ్ మీద కూడా. “నీ నాలుక కంటే ముందు నీ చెయ్యి తింటాది,” అని నవ్వేవాడు చిన్నాయన. వద్దని మాత్రం అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. కానీ ఆయన అలాంటి మనిషి కాడు.

మూడో వారం జెద్దా పాతబస్తీలో ఒక హోటల్లో సలీగ్ దొరికింది. కోడిని ఉడికించిన నీళ్ళలో అన్నం మెత్తగా వండి, పాలు పోసి, వెన్న వేసి పళ్ళెం నిండా పరుస్తారు. పైన కాల్చిన కోడి పెడతారు. ఒక పక్కన ఎర్రటి కారం పచ్చడి గిన్నెలో విడిగా ఉంటుంది, కావలసినవాళ్ళు అద్దుకోవడానికి. నాకది అచ్చం జ్వరంలో పెట్టే పథ్యంలా కనిపించింది. నేను ఎప్పటిలాగే కారం చల్లుకొని నాలుగు ముద్దలు మింగాను. చిన్నాయన కళ్ళు మూసుకొని మెల్లగా తిన్నాడు. ఆ రోజు బండి మీద వెనక్కి పోయిన సలీగ్ పళ్ళేలు కడిగినట్టున్నాయి.

ఇంట్లో మా పొయ్యి మీద మూడుసార్లు వండి చూశాడు. అమ్మ మూత తీసి చూసి, “ఇదేందబ్బా, పెరుగన్నం చేసి తాలింపు మర్చిపోయినట్లుండావే?” అని నవ్వింది. నాయన ఒక ముద్ద తిని ఊరగాయ అడిగాడు. ముగ్గురం కలిసి తేల్చిన తీర్పు ఒకటే, దీనికి తాలింపు తక్కువ. చిన్నాయన ఊరికే నవ్వి ఊరుకున్నాడు. నేను మాత్రం ఆ తీర్పును మనసులో పెట్టుకున్నాను.

పెద్దావిడకు వండాల్సిన శుక్రవారం నన్నూ తీసుకెళ్ళాడు. పెద్దావిడ ఇంట్లో ఆడవాళ్ళ గది వైపు పరాయి మగవాడు అడుగు పెట్టకూడదు. పళ్ళేలు లోపలికి చేర్చి, తిన్నాక ఎలా ఉన్నాయో చూసి రావడానికి ఆయనకు నేను కావాలి. వంటిల్లు పెరటి వైపు ఉంది. చిన్నాయన పొద్దుటినుంచి వండాడు. జుమ్మా నమాజుకు పిలుపు వచ్చేసరికి అన్నాన్ని పెద్ద పళ్ళెంలో పరిచి, మూత పెట్టి, కోడిని పొయ్యిలో కాలనిచ్చి, “దేన్నీ తాకాకు, ఇప్పుడే వస్తా,” అని పక్కనున్న మసీదుకు వెళ్ళాడు. ఆ ఇంట్లో పనిచేసే ఇండోనేషియా అక్క లోపల చాపలు పరుస్తోంది. వంటింట్లో నేనొక్కదాన్నే మిగిలాను.

మూత తీసి చూశాను. తెల్లగా, బోసిగా ఉంది పాపం. ఈ పథ్యం కూడు తిని ఆ పెద్దావిడ మా చిన్నాయనను పంపేస్తుందని నాకు నిజంగా భయం వేసింది. పోపుల డబ్బా అక్కడే ఉంది. అమ్మ చేస్తుంటే వెయ్యిసార్లు చూసినదాన్నే. నెయ్యి కాచాను, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు వేశాను. చిటపటలాడగానే తెచ్చి పళ్ళెంలో కుమ్మరించి, దద్దోజనం కలిపినట్టు అడుగుదాకా కలిపేశాను. చిన్నాయనను కాపాడేశానని నాకు ఎంత గర్వమో!

ఆయన గడపలోనే ఆగిపోయాడు. వాసన చెప్పేసింది. వచ్చి మూత తీశాడు.

“రుచి చూసినావా మే?” అన్నాడు.

లేదన్నట్టు తల ఊపాను. అప్పటికే యజమాని వచ్చి ఆడవాళ్ళు కూర్చున్నారని చెప్పాడు. చిన్నాయన కోడిని పైన పెట్టి, పళ్ళెం అంచు గుడ్డతో తుడిచి, నన్నూ ఇండోనేషియా అక్కనూ లోపలికి పంపాడు.

పెద్దావిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని ఒక క్షణం ఆగింది. తర్వాత నవ్వి, వండిన చేతులను దేవుడు చల్లగా చూడాలంది. నా చేతిలో ఖర్జూరాలు పెట్టింది. ఒక చిన్నపిల్ల ఆవాలు చూపించి చీమలా అని అడిగితే వాళ్ళమ్మ దాని నోరు మూసింది. నేను ఎగురుకుంటూ వచ్చి, “చానా బాగుందన్నారు చిన్నాయనా,” అన్నాను. ఆయన నా మాట వినలేదు, నా వెనకాల వస్తున్న పళ్ళేల వైపు చూశాడు. కోడి అయిపోయింది. అన్నం అలాగే ఉంది. పళ్ళేల అంచుల వెంట ఆవాలు ఒక్కొక్కటిగా ఏరి వరసగా పెట్టి ఉన్నాయి.

యజమాని వచ్చి ఆ నల్లటివేంటని మర్యాదగానే అడిగాడు. చిన్నాయన తనకొచ్చిన అరబ్బీలో, పొరపాటు తనదేనని, మా ఊరి అలవాటు చేతికి వచ్చేసిందని చెప్పాడు. నా వైపు చూడను కూడా లేదు. యజమాని సరేనని, కబురు చేస్తామని, బయటి గేటు దాకా వచ్చి సాగనంపాడు. అంత మర్యాద చేశారంటే ఇక కబురు రాదని చిన్నాయనకు తెలుసు.

బయల్దేరే ముందు, వండిన గిన్నె అడుగున అంటుకున్నదాన్ని గరిటెతో గీకి నా చేతిలో పెట్టాడు. తాలింపు తగలనిది అదొక్కటే. “తిను,” అన్నాడు. నా జేబులో కారం డబ్బా ఉంది, చెయ్యి అటు పోలేదు. పాలు, వెన్న, యాలకుల వాసన, కోడి రసం మెతుకు మెతుకునా ఉన్నాయి. “ఏం తక్కువైంది?” అని అడిగాడు. ఏమీ తక్కువ కాలేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన చొక్కా చేత్తో నా ముఖం తుడిచి, “ఏడవాకు. ఇంట్లో ఏం చెప్పాకు, మీ నాయన కొడతాడు,” అన్నాడు.

రెండు వారాలు చూసినా కబురు రాలేదు. ఒక మధ్యాహ్నం అన్నాల దగ్గర నాయన పట్టలేకపోయాడు. “నోటి దాకా వచ్చిన ముద్ద జారవిడుచుకున్నావు కదరా! ఒక ముసలామెకు అన్నం వండి పెట్టలేకపోయినావా? చేతకానోడా!” అని నానా మాటలూ అన్నాడు. చిన్నాయన తలొంచుకొని తింటూనే ఉన్నాడు. నేను పక్కనే కూర్చొని పప్పన్నం కలుపుకుంటున్నాను. నా నోట్లో మాట లేచింది, గొంతు దాకా వచ్చింది, ముద్దతో పాటు మింగేశాను. చెప్పాకు అన్నాడు కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. పిరికిదాన్ని, అంతే.

గడువు ముగియకముందే ఆయన ఎగ్జిట్ మీద వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళకు మాలాంటి పరదేశీ కుటుంబాల మీద నెలనెలా తలపన్ను పడి మేమూ పెట్టెలు సర్దాం. చిన్నాయన మా వైపు పెళ్ళిళ్ళకు వండుతూ బతికాడు, ఆ ఇంటికి పైకప్పు పడేసరికి పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. నాయన మాత్రం ఆ మాట వదల్లేదు. చివరి రోజుల్లో మంచం మీద ఉండి కూడా, “మంచోడే పాపా, చేతకానోడు,” అన్నాడు నాతో. నేను మాత్ర చేతిలో పెట్టి నీళ్ళు అందించాను.

రుచి చూడకుండా నేనిప్పుడు దేనిలోనూ చిటికెడు ఉప్పు వెయ్యను, ఎవరింటి విషయంలోనూ మాట వెయ్యను. ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు కూడా. ఆ రోజు నేర్చుకున్నది ఇదేనని చాలాకాలం అనుకున్నాను. నాయనను మట్టి చేసి వచ్చిన రోజు చిన్నాయన పక్కన కూర్చొని, నాయనకు నిజం ఎప్పుడూ చెప్పలేదని ఒప్పుకున్నాను. చెప్పొద్దన్నది నువ్వే కదా అని కూడా అన్నాను.

ఆయన నవ్వినట్టే ముఖం పెట్టి, “నీకు దెబ్బలు పడతాయని ఆ పొద్దుకు చెప్పాకంటి. ఇన్నేండ్లూ చెప్పాకని అన్నానా మే?” అన్నాడు.

నేను నాయనకు చెప్తానని ఆయన ఇన్నేళ్ళూ ఎదురుచూశాడని నాకు అప్పుడు తెలిసింది. ఆ రోజునుంచి నేను మోస్తున్నది అదే.